సవరణ: పక్కింట్లో దెబ్బలాట గురించి

మొన్న రాసిన దాంట్లో "ఇంట్లో హింస జరిగితే ఫిర్యాదు ఆవిడే ఇవ్వాలి, మగవాళ్ళు తోడు వెళ్తే చాలు" అని ఉంది. దాన్ని ఇలా మార్చి చదవండి: ఎవరైనా చెప్పవచ్చు.

2005 నాటి గృహహింస చట్టం 4వ సెక్షన్ ప్రకారం హింస జరిగిందనో, జరగబోతోందనో నమ్మకం కలిగిన ఎవరైనా రక్షణ అధికారికి (ఈ చట్టం కింద ప్రభుత్వం పెట్టిన ప్రొటెక్షన్ ఆఫీసర్) సమాచారం ఇవ్వవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పిన మనిషి మీద సివిల్ గానీ క్రిమినల్ గానీ ఏ బాధ్యతా పడదు. ఒడిశాలోని మా పర్లాకిమిడి టీకొట్ల దగ్గర "మనకెందుకురా, కోర్టుల చుట్టూ తిరగాలి" అనే మగాళ్ళకి ఇదే జవాబు. (అదే మగాళ్ళు గట్టు తగాదా అయితే పిలవకుండానే పెద్దమనుషులైపోతారు.)

ఇంకోటి. ఇక్కడ దెబ్బలు తిని సరిహద్దు అవతల ఆంధ్రలోని పాతపట్నంలో పుట్టింటికి వెళ్ళిపోయిన ఆడపిల్ల కేసు కోసం మళ్ళీ ఒడిశా రావాలేమోనని అన్నదమ్ములు టెన్షన్ పడుతుంటారు. అక్కర్లేదు. 27వ సెక్షన్ కింద, ఆమె తాత్కాలికంగా ఉంటున్న చోటి మేజిస్ట్రేట్ కోర్టులోనే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

మొన్న పక్కింటి తలుపు కొట్టమని రాసిన మాట మాత్రం మార్చడం లేదు. అరుపులు వినిపించగానే "అన్నా, అగ్గిపెట్టె ఉందా" అని వెళ్ళినా చాలాసార్లు ఎత్తిన చెయ్యి దిగుతుంది. కత్తో కర్రో కనబడితే లోపలికి దూరకండి, 112కి ఫోన్ చేయండి. ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181.