కోర్టు పెంచిన భూమి పరిహారం: వడ్డీని విడదీసి చూడకపోతే నష్టం రైతుకే

గండికోట, బ్రహ్మంసాగర్, జీడిపల్లి లాంటి రిజర్వాయర్ల కింద, కాలువల కింద భూములు పోయినోళ్లకు కోర్టు కేసు తేలి డబ్బు చేతికొచ్చేసరికి ఏళ్లు గడిచిపోతాయి. చెక్కు రాగానే రెండు మాటలు వినబడతాయి. "వ్యవసాయ భూమి డబ్బు, రూపాయి కూడా ట్యాక్స్ ఉండదు" అని ఒకరంటారు. "పది శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కట్ అయిపోయింది, ఇంక మనకు పనేం లేదు" అని ఇంకొకరు. రెండూ తప్పే.

ముందు క్యాలిక్యులేషన్ మెమో (పరిహారాన్ని వరుసవారీగా లెక్కేసిన కాగితం) కాపీ మీ లాయర్ దగ్గర అడిగి తీసుకోండి. 1894 భూసేకరణ చట్టం కింద నడిచిన పాత కేసైతే అందులో పెరిగిన మార్కెట్ విలువ, దానిమీద 30% సొలేషియం (బలవంతంగా తీసుకున్నందుకు అదనంగా ఇచ్చేది), 12% అదనపు మొత్తం, ఆఖర్న వడ్డీ ఉంటాయి. వడ్డీ మొదటి ఏడాదికి 9%, ఆ తర్వాత ఏటా 15%. కేసు పదిహేనేళ్లు సాగితే అసలు కంటే వడ్డీయే ఎక్కువవుతుంది. ట్యాక్స్ గొడవంతా ఆ ఆఖరి వరుస గురించే.

అసలు భాగానికి భయపడక్కర్లేదు. పల్లె పొలం క్యాపిటల్ అసెట్ (చేతులు మారితే లాభం మీద పన్ను పడే ఆస్తి) కిందికే రాదు. కర్నూలు, అనంతపురం, కడప లాంటి లక్ష దాటిన జనాభా ఉన్న ఊళ్ల హద్దుకు ఆరు కిలోమీటర్ల లోపల ఉన్న పొలమైనా, సేకరణకు ముందు రెండేళ్లు మీరో మీ తల్లిదండ్రులో సాగు చేసుంటే ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 10(37) కింద మినహాయింపు ఉంది. వ్యవసాయ భూమి పరిహారం మీద సెక్షన్ 194ఎల్‌ఏ టీడీఎస్ కూడా కట్ చేయకూడదు. మొత్తం డబ్బు మీద కట్ చేసుంటే ఆర్డీఓ ఆఫీసులో అడిగి తీరాల్సిందే.

వడ్డీ సంగతి వేరు. "భూసేకరణ చట్టం సెక్షన్ 28 వడ్డీ కూడా పరిహారమే, సుప్రీంకోర్టు చెప్పింది" అని ఇప్పటికీ కొందరు లాయర్లు ధైర్యం చెబుతుంటారు. ఆ తీర్పు 2009 నాటిది. 2010 ఏప్రిల్ 1 నుంచి చట్టమే మారింది. పరిహారం మీద వచ్చే వడ్డీ ఏ ఏడాది చేతికందితే ఆ ఏడాది ఆదాయమే. మారిన చట్టం ప్రకారం పన్ను పడుతుందని పంజాబ్-హర్యానా హైకోర్టు 2020లో చెప్పింది కూడా. పాత తీర్పును నమ్మి రిటర్నులో వడ్డీ ఊసే ఎత్తకపోతే నోటీసుకు దారి తీసినట్టే.

ఇది న్యాయమా అంటే కాదనే అంటాను. ఆలస్యం చేసింది ప్రభుత్వం. పదిహేనేళ్ల వడ్డీని ఒకే ఏడాది నెత్తిన వేయడం అన్యాయం. గతంలో ఏ ఏడాది వడ్డీని ఆ ఏడాదికి పంచి లెక్కేసేవాళ్లు, ఇప్పుడు ఆ దారి మూసేశారు. దానికి బదులు 57వ సెక్షన్ నాలుగో క్లాజు కింద వడ్డీలో సగం తీసేస్తారు. లాయర్ ఫీజు, తిరుగుళ్ల ఖర్చు విడిగా చూపితే ఒప్పుకోరు.

ఈ సగం చాలామంది అడగడమే లేదు. 2025-26లో వడ్డీ 18 లక్షలు వచ్చిందనుకోండి, వేరే ఆదాయం లేదు. 10% లెక్కన 1,80,000 టీడీఎస్ పోతుంది. సగం తీసేస్తే ఆదాయం 9 లక్షలు. కొత్త విధానంలో 12 లక్షల దాకా రిబేటు ఉంది కాబట్టి పన్ను సున్నా, 1,80,000 మొత్తం వెనక్కి వస్తుంది. ఆ సగం అడక్కుండా 18 లక్షలూ చూపితే 1,66,400 పన్ను. రిటర్నే వేయకపోతే టీడీఎస్ అంతా పోయినట్టే. సాగు ఆదాయం బాగా ఉన్నోళ్లకు లెక్క కాస్త మారుతుంది. రిటర్నులో 'అదర్ సోర్సెస్' కింద 18 లక్షలూ చూపించి, ఆ తర్వాతే 9 తీసేయండి. నేరుగా 9 వేస్తే పన్ను శాఖ దగ్గరున్న మీ ఆదాయ పట్టిక ఏఐఎస్‌లో ఉన్న అంకెతో కలవదు.

అన్నదమ్ముల విషయంలో జరిగే తప్పు ఇంకా పెద్దది. నలుగురి వాటా 40 లక్షల వడ్డీ పెద్దాయన పాన్ మీదే పడితే సగం పోగా 20 లక్షల ఆదాయం, 2,08,000 పన్ను. నాలుగు పాన్‌ల మీద విడివిడిగా పడితే ఒక్కొక్కరికి 5 లక్షలు, ఎవరికీ పన్ను లేదు. కాబట్టి చెక్ పిటిషన్ (డబ్బు ఇప్పించమని కోర్టులో పెట్టే అర్జీ) వేసేటప్పుడే ఎవరి వాటా ఎంతో, ఎవరి పాన్ ఏదో రాసివ్వండి. పాన్ ఇవ్వకపోయినా, ఆధార్‌తో లింక్ కాకపోయినా 20% పోతుంది. పాన్ లేకుండా కట్ అయిన సొమ్ము మీ టీడీఎస్ జమ పట్టిక 26ఏఎస్‌లో కనపడదు. ఆఫీసువాళ్లు టీడీఎస్ స్టేట్‌మెంట్ సవరించి వేస్తేనే మీ పేరున జమవుతుంది. చనిపోయిన తండ్రి పాన్ మీద కట్ అయినా అంతే, వారసులు రాతపూర్వకంగా డిక్లరేషన్ ఇచ్చి తమ పేర్లకు మార్పించుకోవాలి. మూడు నెలలకోసారి టీడీఎస్ సర్టిఫికెట్ ఫారం 16ఏ వస్తుంది, అడిగి తెచ్చుకోండి.

2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. మార్చి 31 లోపు డబ్బు తీసుకున్నోళ్లకు మాత్రం పైన చెప్పిన పాత నంబర్లే. రిటర్నుకు జూలై 31 గడువు, తప్పితే డిసెంబర్ 31. అదీ దాటాక ఆలస్యంగా వేసే అప్‌డేటెడ్ రిటర్నులో రిఫండ్ అడగనివ్వరు. అప్పుడు మిగిలేది ఆలస్యాన్ని మన్నించమని సెక్షన్ 119(2)(బి) కింద అర్జీ పెట్టుకోవడమే. అసెస్‌మెంట్ ఇయర్ (డబ్బు వచ్చిన ఆర్థిక సంవత్సరానికి తర్వాతి ఏడాది) ముగిసిన నాటి నుంచి ఐదేళ్ల లోపు పెట్టాలి.