చివరి ఆయకట్టుకూ నీరందించిన కారు

మన ప్రాజెక్టుల మీద ఎప్పుడూ ఉండే ఫిర్యాదు, చివరి ఆయకట్టుకు నీరందడం లేదని. కారు మీద మాత్రం ఆ నింద వేయలేం. ఒక్క కుండపోత వాన చాలు, డ్రైవర్ కాళ్ల దగ్గర తడుస్తుంది, వెనక లైటు చుట్టూ ఉండే రబ్బరు గాస్కెట్ పాతబడితే డిక్కీలో స్టెప్నీ గుంత కూడా నిండుతుంది. భూసేకరణ లేదు, టెండర్లు లేవు.

ఈ ప్రాజెక్టుకి హెడ్‌వర్క్స్, అంటే నీరు కాలువలోకి మళ్లే చోటు, సన్‌రూఫ్ అనే పైకప్పు అద్దం. చుట్టూ రబ్బరుంది కాబట్టి చుక్క కూడా రాదని కొన్నవాళ్ల నమ్మకం. తయారుచేసినవాళ్లకి ఆ భ్రమ లేదు. కొంత నీరు దిగుతుందని తెలిసే కింద ట్రే పెట్టి, మూలల నుంచి సన్నటి పైపులు కిందికి దించారు. మనం నీడ చూసుకుని వేపచెట్టు కింద ఆపుతాం. ఆకులూ దుమ్మూ పైపుల్లో పూడుకుపోయి, ట్రే నిండి, నీళ్లు లోపలికి పొర్లుతాయి. చెరువుల పూడిక తీయడానికి తెలంగాణలో 2015లో మిషన్ కాకతీయ వచ్చింది గానీ, ఈ పైపులకి సన్నటి నైలాన్ తీగే దిక్కు. తొందరపడి కంప్రెసర్ గాలి గట్టిగా కొట్టారో, లోపల పైపు ఊడి కొత్త కాలువ ప్రారంభమవుతుంది.

వాన లేకుండానే ముందు ఎడమ సీటు దగ్గర తడిగా ఉంటే ఏసీ డ్రెయిన్ పైపు మూసుకుందేమో చూడాలి. ఇది ఎత్తిపోతల పథకం. గాలిలోంచి తీసిన నీరు కాబట్టి ట్రిబ్యునల్ గొడవ కూడా లేదు. తడి జిడ్డుగా, తియ్యటి వాసనతో ఉంటే అది కూలెంట్, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం. అప్పుడు జోకులు మాని మెకానిక్ దగ్గరికి వెళ్లండి.

తలుపుల్లోకి నీళ్లు దిగడం తప్పేమీ కాదు, అడుగున రంధ్రాలున్నది అందుకే. కొత్త స్పీకర్లు బిగించినాయన లోపలి ప్లాస్టిక్ షీట్ చింపి వదిలేస్తే మాత్రం అక్కడో తూము తెరుచుకున్నట్టే.

ఇన్ని దారులుండగా మనం చేసేది, తడి కనిపించిన చోట సిలికాన్ పూయడం. కార్పెట్ కింద ఫోమ్ నీళ్లు పీల్చుకుని నానుతూనే ఉంటుంది. బూజు పంట ఏపుగా పెరిగాక డ్యాష్‌బోర్డు మీద మల్లెపూల పర్‌ఫ్యూమ్ పెడతాం.

నిజంగా దొంగను పట్టాలంటే కార్పెట్ ఎత్తి, ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి, ఇంకొకరు బయట పైపుతో కింది నుంచి మెల్లగా పైకి తడుపుతూ రావాలి. పైనుంచి మొదలుపెడితే అంతా తడిసి ఏదీ తేలదు. మన విచారణ సంఘాలకు ఈ పద్ధతిలో సగం బాగా తెలుసు: కింది నుంచే మొదలుపెడతారు, అక్కడే ఆపేస్తారు.