'రన్' అంటే పరుగు ఒక్కటేనా?

ఇంగ్లిష్ నేర్చుకునేవాళ్లు పొడుగాటి మాటలు చూసి టెన్షన్ పడతారు. నా దృష్టిలో అసలు చిక్కంతా చిన్న మాటలతోనే. 'రన్' సంగతే చూడండి. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీని సవరించే పనిలో ఈ ఒక్క మాట తేల్చడానికి సంపాదకుడు పీటర్ గిలివర్‌కు దాదాపు తొమ్మిది నెలలు పట్టింది. క్రియగా వాడినప్పుడే 645 అర్థాలు లెక్కకొచ్చాయి. 1989 నాటి రెండో కూర్పులో 'సెట్' అన్న మాటది పైచేయి. దాన్ని 'రన్' దాటేసింది.

ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి వచ్చాయి? కాళ్లతో పరిగెత్తడం, ఏరు పారడం పాత అర్థాలు. యంత్రాలు, రైళ్లు, కంప్యూటర్లు వచ్చాక ఒక్కోదానికీ కొత్త క్రియ పుట్టించకుండా ఇంగ్లిష్ వాళ్లు ఉన్న మాటనే సాగదీశారు. ఇంజిన్ రన్ అవుతుంది, ప్రోగ్రామ్ రన్ అవుతుంది, కంపెనీని ఎవరో ఒకరు రన్ చేస్తారు. ఇదే చోట తెలుగు 'నడక'ను వాడుకుంది: బండి నడుస్తుంది, వ్యాపారం నడుపుతాం. అందుకే ఇలాంటి వాక్యాల్లో 'రన్'ను పరుగుగా మార్చుకుంటే అర్థం చెడుతుంది.

కాస్త పరికించి చూస్తే చాలా వాడుకల్లో ఒకటే ఊహ కనిపిస్తుంది: ఆగకుండా ఒక దారి వెంట సాగిపోవడం. కుళాయి రన్ అవుతోందంటే నీళ్లు ధారగా పోతున్నాయని. ఒక జబ్బు 'రన్స్ ఇన్ ద ఫ్యామిలీ' అంటే ఒక తరం నుంచి ఇంకో తరానికి వస్తోందని. ఉతికినప్పుడు బట్ట రంగు దిగినా ఇదే మాట. బ్యాంకు మీద నమ్మకం పోయి డిపాజిటర్లంతా డబ్బు కోసం ఒక్కసారిగా ఎగబడితే అది 'బ్యాంక్ రన్'. క్రికెట్‌లో బంతి బౌండరీ దాటితే అడుగు కదపకుండానే నాలుగు రన్‌లు.

పక్కన చిన్న మాట చేరితే మాత్రం ఈ ఊహ ఒక్కటే సరిపోదు. 'రన్ ఇన్‌టు' తర్వాత స్నేహితుడు ఉంటే అనుకోకుండా కలవడం, గోడ ఉంటే గుద్దుకోవడం. 'రన్ అవుట్' అంటే క్రికెట్‌లో బ్యాటర్ వెనుదిరగడం, ఇంట్లో సరుకు నిండుకోవడం. దేశాన్ని బట్టీ తేడా ఉంది: ఎన్నికల్లో అమెరికన్లు 'రన్' అవుతారు, బ్రిటిష్ వాళ్లు 'స్టాండ్' అవుతారు. పని మాత్రం ఒకటే, పోటీ చేయడం.

ఇన్ని అర్థాలను జాబితా రాసుకుని బట్టీ పట్టమనడం అన్యాయం, పైగా దండగ. ఆ భాషలో పుట్టి పెరిగినవాళ్లు కూడా అలా నేర్చుకోలేదు. వాక్యం మొత్తం వినాలి, ఎవరు రన్ అవుతున్నారు, దేన్ని రన్ చేస్తున్నారు, వెనకే ఏ మాట వచ్చింది అని చూడాలి. పాఠ్యపుస్తకాలు అరుదైన మాటలకు కేటాయించే పేజీల్లో కొన్నయినా 'రన్', 'సెట్', 'గెట్', 'టేక్' వంటివాటికి ఇస్తే, రోజూ వినే ఇంగ్లిష్‌లో సగం తడబాటు పోతుందని నా నమ్మకం.