విజయం ప్రజలది, విగ్రహం స్టాలిన్‌ది

మాస్కో మెట్రోలోని తగాన్‌స్కయా స్టేషన్ గోడ మీద 2025 మేలో స్టాలిన్ మళ్లీ వెలిశాడు. చుట్టూ జనం, పిల్లలు, చేతుల్లో పూలు, అందరి చూపులూ నాయకుడి మీదే. 1950లో పెట్టి, 1960ల్లో తీసేసిన శిల్పానికి ఇది నకలు. మెట్రోకు 90 ఏళ్లు నిండిన సందర్భంగా ప్రయాణికులకు ఇది కానుకట! అంతకు రెండు వారాల ముందే వోల్గొగ్రాద్ విమానాశ్రయానికి స్టాలిన్‌గ్రాద్ అని ఆ ఊరి పాత పేరే పెడుతూ పుతిన్ ఉత్తర్వు ఇచ్చాడు. 2024 నవంబరులో మాస్కోలోని గులాగ్ (సోవియట్ నిర్బంధ శ్రమ శిబిరాలు) చరిత్ర మ్యూజియానికి తాళం పడింది. అగ్నిమాపక నిబంధనలు పాటించలేదన్నది అధికారులు చెప్పిన కారణం. స్టాలిన్ కాలంలో చంపిన వాళ్ల పేర్లను మూడు దశాబ్దాల పాటు ఓపిగ్గా వెతికి నమోదు చేసిన 'మెమోరియల్' సంస్థను 2021 డిసెంబరులో రష్యా సుప్రీంకోర్టే రద్దు చేసింది. మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి అందుకున్న వారిలో ఆ సంస్థ కూడా ఉంది. ఇవి వేర్వేరు రోజుల వార్తలే కానీ వేర్వేరు సంగతులు కావు. చచ్చిపోయిన వాళ్ల జాబితాలు మూతపడుతున్న చోటే చంపించిన వాడి శిల్పం లేస్తోంది.

రష్యా ప్రజలను సర్కారు మభ్యపెట్టిందని తేల్చేసి చేతులు దులుపుకోవడం సులువు. 2019లో లెవాడా సెంటర్ చేసిన సర్వేలో 70 శాతం మంది చరిత్రలో స్టాలిన్ పాత్ర మంచిదేనన్నారు. వాళ్లందరూ కాన్సంట్రేషన్ క్యాంపుల అభిమానులు కారు. 1990ల్లో నెలల తరబడి జీతాలు అందక, దాచుకున్న డబ్బు ధరల పెరుగుదలలో ఆవిరైపోయి, నిన్నటి ప్రభుత్వ ఫ్యాక్టరీ ఇవాళ ఎవరో కుబేరుడి సొంత ఆస్తి కావడం కళ్లారా చూసిన తరం అది. దానికి తోడు యుద్ధం. నాజీలను ఓడించడంలో సోవియట్ యూనియన్ పోగొట్టుకున్నది దాదాపు 2 కోట్ల 70 లక్షల ప్రాణాలు. తాతదో ముత్తాతదో ఫొటో గోడకు వేలాడని ఇల్లు అక్కడ అరుదు. ఆ ఫొటో పక్కనే స్టాలిన్ ఫొటో కూడా పెట్టించడం పాలకులకు పెద్ద కష్టం కాలేదు.

నాగలితో ఉన్న దేశాన్ని అందుకుని అణుబాంబుతో అప్పగించాడన్న పొగడ్త ఒకటి చాలాకాలంగా ప్రచారంలో ఉంది. అది చర్చిల్ నోటి మాటగా చెలామణి అవుతోంది, నిజానికి చర్చిల్‌ది కాదు. ఎవరిదైనా, ఆ మాట వెనక ఒక జమాఖర్చుల పుస్తకం ఉంది. ఒక పేజీలో ఉక్కు కర్మాగారాలు, అక్షరాస్యత, బెర్లిన్‌పై ఎర్రజెండా. ఎదుటి పేజీలో కరవు, కాల్పులు, కాందిశీకులు. తీసివేతలు పోగా మిగులు ఎంతో చెప్పమంటారు. ఈ పద్దు రాసే పద్ధతే తప్పని ఈ పత్రిక భావిస్తోంది. ఎందుకంటే రెండో పేజీలో ఉన్నది మొదటి పేజీకి చెల్లించిన ధర కాదు. చాలాచోట్ల మొదటి పేజీకి అదే అడ్డుపడింది.

యుద్ధం సంగతే చూద్దాం. ఎర్రసైన్యంలో ఐదుగురు మార్షల్స్ (అత్యున్నత సేనానులు) ఉంటే 1937, 1939 మధ్య ముగ్గురిని స్టాలినే మింగేశాడు. వారిలో ట్యాంకు యుద్ధానికి కొత్త పాఠాలు రాసిన తుఖాచెవ్‌స్కీని 1937 జూన్‌లో కాల్చి చంపారు. 1939 ఆగస్టులో స్టాలిన్ హిట్లర్‌తో ఒప్పందం కుదుర్చుకుని పోలండ్‌ను పంచుకున్నాడు. 1941 జూన్‌లో జర్మనీ దాడికి వస్తోందని సొంత గూఢచారులే చెబుతున్నా నమ్మలేదు. ఆ తొలి నెలల్లో చుట్టుముట్టిన శత్రువుకు లక్షల మంది సైనికులు బందీలయ్యారు. లొంగిపోయిన కమాండర్లు ద్రోహులనీ వాళ్ల కుటుంబాలను అరెస్టు చేయవచ్చనీ ఆ ఆగస్టులోనే ఉత్తర్వు వెలువడింది. జర్మన్ క్యాంపుల్లో చావు తప్పించుకుని తిరిగొచ్చిన వాళ్లను సొంత దేశం అనుమానంగా ప్రశ్నించి, కొందరిని మళ్లీ క్యాంపులకే పంపింది. స్టాలిన్‌గ్రాద్ వీధుల్లో ఇంటింటికీ పోరాడి నిలిచిన వాళ్ల విజయాన్ని, వాళ్లను నాయకులు లేని సైన్యంగా యుద్ధంలోకి నెట్టిన మనిషి ఖాతాలో వేయడం ఏం న్యాయం?

ఇక కరవు. మనవాళ్లకు అన్నిటికంటే బాగా అర్థం కావలసిన అధ్యాయం ఇదే. 1932 ఆగస్టు 7న ఒక చట్టం వచ్చింది. సమష్టి క్షేత్రం (రైతుల భూములు కలిపేసి పెట్టిన ఉమ్మడి సాగు) పంట దొంగిలిస్తే మరణశిక్ష, మినహాయింపు దొరికితే పదేళ్ల జైలు. కోత అయిపోయిన చేలో రాలిన వెన్నులు ఏరుకున్న తల్లులు కూడా ఆ చట్టం కింద దొంగలే. గ్రామానికి విధించిన ధాన్యం కోటా నిండకపోతే ధాన్యం వసూలు చేసే బ్రిగేడ్లు ఇళ్లలో దూరి, నేల గుచ్చి చూసి, విత్తనాల కోసం దాచుకున్న గింజలు సైతం పట్టుకుపోయాయి. 1933 జనవరిలో మరో ఆదేశం: ఉక్రెయిన్ రైతులు, రష్యాలోని కుబాన్ ప్రాంత రైతులు తిండి వెతుక్కుంటూ ఊరు దాటి పోకూడదు, రైలు టికెట్లు ఇవ్వకూడదు. ఉక్రెయిన్‌లో 35 లక్షల నుంచి 40 లక్షల మంది, కజకిస్తాన్‌లో సుమారు 15 లక్షల మంది పోయారన్నది ఇప్పుడు ఎక్కువమంది చరిత్రకారులు ఒప్పుకుంటున్న అంచనా. అదే రెండేళ్లలో ఏటా 15 లక్షల టన్నులకు పైగా ధాన్యం విదేశాలకు ఓడలెక్కింది.

పోయిన వాళ్లను లెక్క పెట్టడం కూడా నేరమైంది. 1937 జనవరిలో జనాభా లెక్కలు తీస్తే 16 కోట్ల 20 లక్షలు తేలింది. స్టాలిన్ మూడేళ్ల కిందటే 16 కోట్ల 80 లక్షలని సభలో ప్రకటించి ఉన్నాడు! లెక్కలను తొక్కిపెట్టారు. గణాంక శాఖ పెద్దలను అరెస్టు చేసి, కొందరిని కాల్చేశారు. 1939లో మళ్లీ తీస్తే 17 కోట్లు వచ్చింది. రాక ఏం చేస్తుంది?

ఈ కరవు ప్రస్తావన వస్తే ఇక్కడి స్టాలిన్ అభిమానులు 1943 బెంగాల్ కరవును ఎదురు చూపిస్తారు. చూపించాల్సిందే. సుమారు 30 లక్షల ప్రాణాలు తీసిన ఆ కరవుకు చర్చిల్ ప్రభుత్వం జవాబు చెప్పాల్సిందే. అయితే పంట ఉండగా పాలకుల నిర్ణయాల వల్ల జనం చచ్చిపోవడం కలకత్తాలో నేరమైనప్పుడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో 'నిర్మాణ దశలో ఎదురైన ఇబ్బంది' ఎలా అవుతుంది? రెంటికీ ఒకే కొలబద్ద వాడలేని వారు బెంగాల్ మృతుల తరఫున మాట్లాడుతున్నారని కూడా చెప్పలేం.

తెలంగాణ రైతు తిరగబడింది దేనికి? వెట్టికి, భూమికి, దానితోపాటు లెవీకి. నిజాం సర్కారు లెవీ పేరిట ధాన్యం ఊడ్చుకుపోతుంటే సంఘం అడ్డం నిలిచింది. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోబోతే ఎర్రజెండా వాళ్లు ఆ గింజలను ఆమె ఇంటికి చేర్చారు. ఉక్రెయిన్ పల్లెలో ఐలమ్మలాంటి మనిషికి ఆ అండ లేదు. అక్కడ ఎర్రజెండా పట్టుకుని వచ్చిన వాళ్లే గింజలు ఎత్తుకుపోయారు. 1946లో మన పల్లెల్లో ప్రాణాలొడ్డిన వాళ్లకు ఈ సంగతి తెలియదు, తెలిసే దారీ లేదు. వాళ్లను ఇందులోకి లాగడం అన్యాయం. 1956లో స్టాలిన్ నేరాలు బయటికి వచ్చిన తర్వాత, మరీ ముఖ్యంగా 1991లో సోవియట్ యూనియన్ కూలి ఆర్కైవులు తెరుచుకున్నాక కూడా తెలియనట్టు నటించిన వాళ్లది మాత్రం వేరే సంగతి.

మనకు ఇంకా దగ్గరి పేరు ఒకటుంది. వీరేంద్రనాథ్ చట్టోపాధ్యాయ. 1880లో హైదరాబాద్‌లో పుట్టారు. నిజాం కాలేజీ తొలి ప్రిన్సిపాల్ అఘోరనాథ్ కొడుకు, సరోజినీ నాయుడికి తమ్ముడు. చదువుకోడానికి ఇంగ్లండ్ వెళ్లి విప్లవకారుల్లో కలిశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెర్లిన్ కేంద్రంగా బ్రిటిష్ పాలన మీద పోరు నడిపారు. 1927లో బ్రస్సెల్స్‌లో పుట్టిన సామ్రాజ్యవాద వ్యతిరేక సమితికి కార్యదర్శుల్లో ఒకరు. నెహ్రూకు బాగా తెలిసిన మనిషి. నాజీలు బలపడుతున్న కాలంలో సోవియట్ యూనియన్ చేరి, లెనిన్‌గ్రాద్‌లో సైన్సెస్ అకాడమీ వారి మానవజాతి అధ్యయన సంస్థలో పనిచేశారు. 1937 జులైలో అరెస్టు చేశారు. ఆగస్టు 31న 180 మందికి పైగా ఉన్న ఒక జాబితాలో ఆయన పేరు స్టాలిన్ బల్లమీదికి వచ్చింది. స్టాలిన్, అతని సహచర నేతలు మొలొతోవ్, వొరొషిలోవ్, జ్దానోవ్, కగనోవిచ్ సంతకాలు పెట్టారు. సెప్టెంబరు 2న తీర్పు, ఆ రోజే తూటా. బ్రిటిష్ గూఢచారులు ఐరోపా అంతటా ఏళ్ల తరబడి వెంటాడినా బతికి బయటపడ్డ మనిషి తాను కోరి చేరిన సోషలిస్టు దేశంలో ప్రాణం పోగొట్టుకున్నారు.

ఆ ఒక్క చావుతో ఏ ఉక్కు కొలిమి వెలిగింది? ఏ ట్యాంకు కదిలింది? అలాంటి జాబితాలు 383 దొరికాయి. వాటిలో పేర్లు 40 వేల పైమాటే. 1937, 38ల్లో మొత్తం 6,81,692 మందిని కాల్చి చంపినట్టు భద్రతా విభాగం సొంత లెక్కలే చెబుతున్నాయి. ఏ ప్రాంతంలో ఎంతమందిని చంపాలో, ఎంతమందిని క్యాంపులకు పంపాలో కోటాలు కట్టిన ఆదేశం 1937 జులై 30 నాటిది. కోటా నిండాక ఇంకొంత పెంచమని కింది అధికారులు మాస్కోకు అర్జీలు పెట్టుకున్నారు. ఇంటికి వచ్చి అడిగిన భార్యకో తల్లికో చెప్పిన జవాబు చాలాసార్లు ఒకటే: పదేళ్ల శిక్ష, ఉత్తరాలు రాసే హక్కు లేదు. అప్పటికే గుంటలో పూడ్చిన మనిషి నుంచి ఉత్తరం కోసం ఏళ్ల తరబడి చూసిన ఇళ్లు అవి.

స్టాలిన్ ఒక్కడే ఇంత చేశాడనడం కూడా తప్పించుకునే మాటే. తిలాపాపం తలా పిడికెడు. 1956 ఫిబ్రవరిలో సోవియట్ కమ్యూనిస్టు పార్టీ 20వ మహాసభలో స్టాలిన్ నేరాలు ఏకరువు పెట్టిన అప్పటి పార్టీ అధినేత క్రుశ్చేవ్ ఒకప్పుడు మాస్కోలో, ఉక్రెయిన్‌లో అవే జాబితాలను ముందుకు పంపిన నాయకుడు. అందుకే అతని ప్రసంగంలో చనిపోయిన పార్టీ పెద్దల కోసం కన్నీరు కనపడుతుంది గానీ, కరవులో పోయిన రైతు కోసం కాదు. ఆ ప్రసంగం విషయం పొక్కాక స్టాలిన్ పుట్టిన జార్జియా రాజధాని త్బిలిసీ వీధుల్లో అక్కడి యువకులు తమ స్టాలిన్‌ను అవమానించారని ఊరేగితే, 1956 మార్చిలో సైన్యం వాళ్ల మీదే కాల్పులు జరిపింది. స్టాలిన్ పద్ధతులు పోయాయని ప్రకటించిన రెండు వారాలకే స్టాలిన్ భక్తులు అవే పద్ధతులకు బలయ్యారు.

తెలుగు కమ్యూనిస్టులకు స్టాలిన్‌తో నేరుగా ముడిపడిన ఘట్టం 1951 ఫిబ్రవరి. చండ్ర రాజేశ్వరరావు, మాకినేని బసవపున్నయ్య, అజయ్ ఘోష్, డాంగే రహస్యంగా మాస్కో వెళ్లి అతన్ని కలిశారు. చైనాకు వెనక సోవియట్ అండ ఉంది, మీకు అన్ని వైపులా శత్రువే, గెరిల్లా పోరు ఒక్కటే నమ్ముకుంటే నిలవలేరన్నది స్టాలిన్ సలహా సారాంశం. ఆ ఏడాది అక్టోబరులో తెలంగాణ సాయుధ పోరాట విరమణ ప్రకటన వచ్చింది. అప్పటికి పార్టీ లెక్క ప్రకారం దాదాపు 4,000 మంది నేలకొరిగారు. విరమణ సరైనదా, ద్రోహమా అన్న గొడవ ఇప్పటికీ తెగలేదు. ఆ రోజు స్టాలిన్ చెప్పింది చాలావరకు వాస్తవమేనని ఒప్పుకోవడానికి మాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది మరోచోట. నల్లగొండ, వరంగల్ పల్లెల్లో రైతు తుపాకి దించాలో వద్దో క్రెమ్లిన్‌లో తేలవలసి వచ్చింది. ఒక పరాయి నాయకుడి మీద అంత గురి పెట్టుకున్న పార్టీకి అతని తప్పులు కనిపించకపోవడంలో ఆశ్చర్యం లేదు.

ఇదంతా చదివి కొందరు సంతోషించవచ్చు. కూలి పెంచమన్న సంఘానికీ, భూమి అడిగిన పేదకూ 'మీరంతా స్టాలిన్ వారసులే' అని ముద్ర వేసేవారు ఇవాళ తక్కువ లేరు. వాళ్లకు మా సంపాదకీయంలో పని లేదు. తమ నాయకుడి బొమ్మకు మొక్కుతూ ఎదుటివాడి నియంతను తిట్టేవాడికి నియంతృత్వం మీద కోపం లేదు, ఎదుటివాడి మీద ఉంది.

వామపక్షాల సభల్లో మార్క్స్, ఎంగెల్స్, లెనిన్‌ల వరుసలో స్టాలిన్ బొమ్మ ఇంకా కనబడుతూనే ఉంది. తీసేయమని చెప్పడానికి మేమెవరం? అది వాళ్ల వేదిక, వాళ్ల ఇష్టం. పాఠం చెప్పడంలో మాత్రం తాము పట్టిన కుందేలుకు మూడే కాళ్లని మొండికేయొద్దని అడిగే హక్కు పాఠకులకూ, ఆ పార్టీల్లో ఇప్పుడిప్పుడే చేరుతున్న కుర్రాళ్లకూ ఉంది. రాజకీయ తరగతుల్లో ఐలమ్మ పంట గురించి చెప్పే రోజునే 1932 ఆగస్టు చట్టం కూడా చదివించండి. సామ్రాజ్యవాద వ్యతిరేక పోరాటం గురించి చెప్పేటప్పుడు హైదరాబాద్‌లో పుట్టిన చట్టోపాధ్యాయ ఎక్కడ, ఎవరి సంతకంతో చనిపోయారో కూడా చెప్పండి. ఇందుకు మహాసభ తీర్మానం అక్కర్లేదు, ఒక మధ్యాహ్నం తరగతి చాలు.