కాంక్రీటు స్లీపరు గెలిచింది, వంతెన దగ్గర ఆగింది

వంతెనల మీద, రైలు ఒక లైను నుంచి ఇంకో లైనుకు మారే పాయింట్లు, క్రాసింగుల దగ్గర ఇకపై కాంపోజిట్ స్లీపర్లు, అంటే ప్లాస్టిక్, గాజు పీచు లాంటివాటితో చేసినవి, వేస్తామని రైల్వే శాఖ ఇటీవల చెప్పింది. ఆ వార్త పెద్దగా ఎవరి కంటా పడలేదు. కొత్త వందే భారత్ వస్తే ప్లాట్‌ఫారం నిండా జనం ఉంటారు. పట్టాల కింద అడ్డంగా ఉండి ఆ రైలు బరువు మోసే దిమ్మెను, అదే స్లీపరును, దేంతో చేశారో అడిగేవాళ్లుండరు. అడగాలి. నూట డెబ్బై ఏళ్లుగా ఆ దిమ్మె మారినప్పుడల్లా అడవి గతి, రైలు వేగం, లైను మీద పనిచేసే మనిషి శ్రమ కూడా మారుతూ వచ్చాయి.

అడవి సంగతి ముందు చూద్దాం. 1853లో బోరీబందర్ నుంచి ఠాణేకి రైలు నడిచాక లైన్లు శరవేగంగా పెరిగాయి. ఒక మైలుకు 1760 నుంచి 2000 స్లీపర్లు కావాలి. ఏ మందూ పట్టించకుండానే వానకూ చెదకూ నిలిచే కలప మన దగ్గర ప్రధానంగా మూడు రకాలే: టేకు, సాల్, దేవదారు. 1850ల నాటికి ఒక్క మద్రాసు ప్రెసిడెన్సీలోనే స్లీపర్ల కోసం ఏటా 35 వేల చెట్లు కూలుతున్నాయని మన పిల్లలు తొమ్మిదో తరగతి పాఠంలో చదువుకుంటున్నారు. అప్పట్లో కోస్తా, రాయలసీమ ఆ ప్రెసిడెన్సీలోవే. 1864లో అటవీ శాఖ పుట్టడానికీ, 1865, 1878 చట్టాలతో అడవి మీద గూడేల హక్కులు చేజారడానికీ ఉన్న కారణాల్లో రైళ్ల కలప అవసరం ముఖ్యమైనది. ఆ బాటలోనే వచ్చిన 1882 మద్రాసు అటవీ చట్టం బరువును మన ఏజెన్సీ ప్రాంతాలు తరతరాలు మోశాయి.

ఈ రోజు లెక్క వేసి చూడండి. దేశంలో రైళ్లు నడిచే ట్రాకు లక్ష కిలోమీటర్లు దాటింది. కిలోమీటరుకు 1660 స్లీపర్ల చొప్పున పదహారు కోట్లకు పైగా కావాలి. చెక్క స్లీపరు మహా అయితే పన్నెండు, పదిహేనేళ్లు ఆగుతుంది. అంటే ఏటా కోటికి పైగా మార్చాలి. చెట్టుకు ఏడెనిమిది దిమ్మెలు వస్తాయనుకున్నా ఏడాదికి పదిహేను లక్షల మహావృక్షాలు పోవాలి. కాంక్రీటును తిట్టే పర్యావరణ మిత్రులు ఈ అంకె దగ్గర ఒక్క నిమిషం ఆగాలని నా మనవి.

చెక్క నుంచి నేరుగా కాంక్రీటుకు రాలేదు. మధ్యలో పోత ఇనుముతో చేసిన సీఎస్‌టీ-9 స్లీపర్లు, తొట్టి ఆకారంలో ఉండే ఉక్కు ట్రఫ్ స్లీపర్లు చాలాకాలం నడిచాయి. ఇనుము కరెంటును పోనిస్తుంది కాబట్టి పట్టాల్లో కరెంటు పంపి రైలు ఎక్కడుందో కనిపెట్టే సిగ్నల్ ఏర్పాటుకు అవి అడ్డయ్యాయి. వేగం పెరిగేకొద్దీ పక్కకు తప్పుకోక తప్పలేదు. 1960ల చివర్లో కాంక్రీటు వచ్చింది. 1996 డిసెంబరులో అడవుల నరికివేత మీద నడిచిన గోదావర్మన్ కేసులో ఈశాన్య రాష్ట్రాల కలప బయటికి కదలకూడదని సుప్రీంకోర్టు ఆదేశించాక వెనక్కి చూసే దారి కూడా మూసుకుపోయింది.

కాంక్రీటు స్లీపరు అసలు బలం దాని బరువే. చాలాకాలంగా వాడుతున్న బ్రాడ్‌గేజ్ స్లీపరు ఒక్కోటీ 285 కిలోల దాకా తూగుతుంది. ఒకప్పుడు పట్టాల మధ్య ఖాళీ వదిలి ఫిష్‌ప్లేట్లనే ఇనుప బద్దలతో కలిపేవారు. ఇప్పుడు కిలోమీటర్ల పొడవున వెల్డింగ్ చేస్తున్నారు. కిలోమీటరు పట్టా 40 డిగ్రీలు వేడెక్కితే, కట్టడి లేకుండా వదిలితే దాదాపు 46 సెంటీమీటర్లు సాగుతుంది. మన మే నెలలో రామగుండం వైపు పట్టా ఎంత కాలుతుందో చెప్పనక్కర్లేదు. ఆ సాగుడును పక్కకు వంగనివ్వకుండా పట్టి ఉంచేది కంకరలో కూరుకున్న ఈ బరువే. తేలికపాటి చెక్క దిమ్మెతో అంత పట్టు దొరకడం కష్టం.

బరువుకు ఇంకో ముఖం ఉంది. చెక్క స్లీపరును నలుగురు గ్యాంగ్‌మన్లు భుజాన ఎత్తుకుపోయేవారు, బీటర్లతో కంకర కూరేవారు. కాంక్రీటుకు ఆ కంకర కూరే టాంపింగ్ యంత్రం ఉండాల్సిందే. రోజువారీ ఒళ్లు హూనమయ్యే పని ఆ మేరకు తగ్గింది, సంతోషమే. యంత్రం అందని చోట అత్యవసరంగా ఒక స్లీపరు మార్చాల్సి వస్తే ఆ 285 కిలోలూ మనుషుల నడుముల మీదే పడతాయి. పైగా కాంక్రీటు చెడకపోయినా దాన్ని పట్టాకు కలిపే క్లిప్పులు, లైనర్లు చెడతాయి. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రపు ఉప్పుగాలి. బయో టాయిలెట్లు రాకముందు బోగీల కింద నుంచి పట్టాల మీద పడిన మలమూత్రాలు చేసిన నష్టం దీనికి అదనం. తుప్పుపట్టి బిగుసుకుపోయిన క్లిప్పును ఊడదీయడం ఎంత కష్టమో రోజూ లైను వెంట నడిచి బిగింపులు చూసే ఏ కీమ్యాన్‌ను అడిగినా చెబుతాడు.

ఇక వంతెన. రాజమండ్రి దగ్గర 1974లో వచ్చిన రోడ్డు-రైలు వంతెన లాంటి ఉక్కు వంతెనల మీద కంకర ఉండదు. కింద మెత్తగా అదురును పీల్చుకునేది లేనప్పుడు బిరుసైన, బరువైన కాంక్రీటు దిమ్మె అక్కడ పనికిరాదు. అందుకే చెక్క పోయాక ఉక్కు చానల్ స్లీపర్లు తెచ్చారు. వాటికి మోత ఎక్కువ, తుప్పు బెడద తప్పదు, కరెంటు పోకుండా విడిగా ఏర్పాటూ కావాలి. ఇక్కడ కాంపోజిట్ రావడం న్యాయం. జపాన్‌లో గాజు పీచు కలిపిన యూరిథేన్ (ఒక రకం ప్లాస్టిక్) స్లీపర్లు 1980ల నుంచి వాడుకలో ఉన్నాయి. చెక్కలాగే రంపంతో కోయొచ్చు, వంతెనకు తగ్గట్టు చెక్కొచ్చు. బ్రిటన్ 2021లో విల్ట్‌షైర్‌లోని షెరింగ్టన్ వయాడక్ట్ అనే వంతెన మీద కాంపోజిట్ వేసింది.

అయితే జపాన్ వాతావరణం, విల్ట్‌షైర్ వాతావరణం మనవి కావు. కాంపోజిట్ అంటే ఒకే పదార్థం కాదు. గాజు పీచుతో చేసినదానికీ, పాత ప్లాస్టిక్ కరిగించి పోసినదానికీ చాలా తేడా ఉంది. ప్లాస్టిక్ ఉక్కు కంటే ఎన్నో రెట్లు సాగుతుంది, వేడికి మెత్తబడుతుంది, ఎడతెగని బరువు కింద మెల్లగా రూపు మారుతుంది. రెండు పట్టాల మధ్య ఉండాల్సిన 1676 మిల్లీమీటర్ల గేజ్ ఆ దిమ్మె మీదే ఆధారపడి ఉంది. ప్రయోగశాలలో ఎంత బరువు తట్టుకుందన్న అంకె ఒక్కటే ఇక్కడ సరిపోదు.

కాంక్రీటు ఖర్చు కూడా దాచకూడదు. ఒక స్లీపరుకు అటూఇటుగా ఒక బస్తా సిమెంటు పడుతుంది. కిలోమీటరుకు 80 టన్నులకు పైమాటే. ఆ సిమెంటు కాల్చేటప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ చిన్నదేమీ కాదు. అయినా యాభై ఏళ్లు నిలిచే దిమ్మె కాబట్టి మామూలు లైను మీద కాంక్రీటుకే నా ఓటు.

కాంపోజిట్ విషయంలో మాత్రం రైల్వేను రెండు కోరాలి. బొగ్గు గూడ్సులు ఎడతెరిపి లేకుండా నడిచే కాజీపేట–బల్హార్షా లాంటి మార్గంలోని వంతెనల మీద కనీసం మూడు ఎండాకాలాలు గేజ్ కొలతలు తీసి, వాటిని జనం చూసేలా బయటపెట్టాలి. కాలం చెల్లిన స్లీపర్లను తయారీదారే వెనక్కి తీసుకోవాలన్న షరతు టెండరులోనే రాయాలి. లేకపోతే కాంక్రీటు ముక్కలు కట్ట పక్కన పడి ఉన్నట్టే రేపు ప్లాస్టిక్ దిమ్మెలూ పడి ఉంటాయి, ఎండాకాలం గడ్డికి నిప్పంటుకున్నప్పుడు అవీ కాలతాయి.