సవరణ: పన్నెండు మెట్లు క్యాంప్‌బెల్‌వి కావు, హక్ ఇంటికి చేరలేదు

పాత నవలల్లో ‘నాయకుడి ప్రయాణం’ (కథానాయకుడు ఇల్లు విడిచి, పరీక్షలు దాటి తిరిగొచ్చే కథా నమూనా) గురించి మొన్న రాసిన పోస్టులో రెండు తప్పులు దొర్లాయి. పురాణకథల పండితుడు జోసెఫ్ క్యాంప్‌బెల్ ఈ ప్రయాణాన్ని 12 మెట్లుగా విభజించాడన్నాను. అది తప్పు. 1949లో వచ్చిన ఆయన పుస్తకంలో బయలుదేరడం, పరీక్షలు, తిరిగి రావడం అనే మూడు భాగాల కింద 17 మెట్లున్నాయి. ఆ 12 మెట్లు హాలీవుడ్ కథా సలహాదారు క్రిస్టఫర్ వోగ్లర్‌వి. సినిమా కథలకు పనికొచ్చేలా 1980లలో ఆయన వాటిని కుదించాడు. స్క్రీన్‌ప్లే క్లాసుల్లో ఎక్కువగా చెప్పేది ఆ లెక్కే కాబట్టి నేనూ అదే పట్టుకున్నాను. పైగా క్యాంప్‌బెల్ ప్రధానంగా చూసింది పురాణాలనీ జానపద కథలనీ. నవలలకు ఆ కొలబద్ద పెట్టింది ఎక్కువగా తర్వాతివాళ్లే.

రెండోది ఇంకా పెద్ద పొరపాటు. మార్క్ ట్వేన్ నవల హకల్‌బెరీ ఫిన్ చివర్లో హక్ ఇంటికి తిరిగొచ్చి ‘వలయం పూర్తి చేశాడు’ అని రాశాను. పుస్తకం మళ్లీ తీసి చూస్తే సిగ్గేసింది. కథ ముగిసేసరికి హక్ మిస్సిసిపీ నది దిగువన, ఫెల్ప్స్ వాళ్ల పొలం దగ్గరే ఉన్నాడు. ఆ ఇంటి శాలీ పిన్ని అతన్ని దత్తత తీసుకుని నాగరికత నేర్పిస్తానంటుంటే, ఆ సంబడం ఇదివరకే చూశాను బాబోయ్ అని పడమటి టెరిటరీకి (అప్పటికి రాష్ట్రంగా మారని ప్రాంతానికి) పారిపోవాలని చూస్తున్నాడు. అంటే తిరిగి రావడం అనే మూడో భాగం ఈ నవలలో లేనే లేదు. నమూనాలో ఇరికించాలన్న తొందరలో ముగింపునే మార్చేశాను.

సెర్వాంటెస్ నవలలో తాను వీరయోధుణ్ణని భ్రమపడి తిరిగే డాన్ కిహోటే గురించి రాసింది మాత్రం సరైనదే. అతను ఊరికి తిరిగొచ్చి, తెలివి తెచ్చుకుని, మంచం మీదే పోతాడు.