బెజవాడ గాలిని కొండలు కాపాడతాయా? తిరుగుతున్న మెసేజ్‌కు జవాబు

దీపావళి వెళ్లి చలి మొదలవగానే మన వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తిరగడం మొదలవుతుంది. అందులో ఉండేది క్లుప్తంగా ఇది: "ఢిల్లీకి పట్టిన గతి బెజవాడకు పట్టదు. ఇంద్రకీలాద్రి, గుణదల, మొగల్రాజపురం, సీతానగరం కొండలు కోటగోడల్లా కాపలా ఉన్నాయి. పక్కనే కృష్ణమ్మ. ఖాట్మండులాగా కొండల నడుమ ఊరు, గాలి స్వచ్ఛం. పొద్దున కనిపించేది ఒట్టి పొగమంచు. ఏక్యూఐ (గాలి నాణ్యత సూచీ) కూడా 'సంతృప్తికరం' అనే చూపిస్తోంది. తెల్లవారుజామున వాకింగ్ చేయండి, బెల్లం ముక్క తినండి, ఇంట్లో తులసి పెంచండి, అంతే చాలు." గుంటూరు గ్రూపుల్లో దీనికి ఇంకో మాట తోడవుతుంది: "మిర్చి ఘాటునే తట్టుకున్నవాళ్లం, ఈ దుమ్మొక లెక్కా?"

పంపేవాళ్లు ఊరి మీద ప్రేమతోనే పంపుతున్నారు. ఆ ప్రేమ నాకూ ఉంది. కానీ ఉబ్బసం ఉన్న పిల్లల్ని, ఆయాసపడే పెద్దవాళ్లని దీన్ని నమ్మి చలిలో, మసక చీకట్లో బయటికి పంపుతున్నారు. అందుకే ఒక్కో మాటా తీసుకుని జవాబు రాస్తున్నాను. ఢిల్లీ అంత ఘోరంగా మన గాలి లేదన్నది నిజమే. మిగతావే నిలవవు.

"కొండలు కోటగోడలు." బయటి పొగ లోపలికి రాకుండా కొండలు ఆపుతాయని దీని భావం. కానీ చలికాలంలో మనల్ని బాధపెట్టేది ఎక్కువగా ఇక్కడ పుట్టిన పొగే. మామూలు రోజుల్లో నేల దగ్గరి గాలి వేడెక్కి, పొగనీ దుమ్మునీ వెంటబెట్టుకుని పైకి పోతుంది. మే నెల మధ్యాహ్నాల్లో ఇలా కిలోమీటర్ల ఎత్తుదాకా కలిసిపోయి పలచబడుతుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఇది తిరగబడుతుంది. మబ్బు లేని ఆకాశం కింద నేల తన వేడినంతా వదిలేసి చల్లబడుతుంది, దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. పైన మాత్రం వెచ్చటి గాలి పొర మిగులుతుంది. కిందున్న చల్లగాలి బరువు కాబట్టి పైకి లేవలేదు. గిన్నె మీద మూత పెట్టినట్టే. కొండవాలుల మీద చల్లబడ్డ గాలి కూడా జారి లోతట్టుకే చేరుతుంది. పక్కనుంచి వచ్చి ఊడ్చుకుపోవాల్సిన గాలికి ఆ కొండలే అడ్డం.

ఇది కంటితో చూడొచ్చు. జనవరి పొద్దున ఆరున్నరకు సీతానగరం ఒడ్డున నిలబడి అవతలికి చూడండి. ఎక్కడో చెత్తకుప్ప అంటించి ఉంటారు. పొగ నిటారుగా లేచి, కొంత ఎత్తుకు వెళ్లాక ఇక పైకి పోదు. అక్కడినుంచి పక్కలకు పరుచుకుని బూడిదరంగు చారికలా ఇళ్ల మీద వేలాడుతుంది. ఎండ బాగా ఎక్కితే గానీ చెదరదు.

బెజవాడ పూర్తి లోయ కాదు, అదీ చెప్పాలి. వాయవ్యాన కొండపల్లి వరస, నది ఒడ్డున ఇంద్రకీలాద్రి ఉన్నా తూర్పున, దక్షిణాన డెల్టా మైదానం తెరుచుకునే ఉంది. గాలి ఆడే రోజుల్లో అదే మనకు రక్ష. గాలి ఆడని రాత్రి ఆ రక్ష పనిచేయదు.

"ఖాట్మండులాగా." ఈ ఉదాహరణ ఎవరు పెట్టారో గానీ పూర్తిగా తలకిందులు. చుట్టూ కొండలున్న ఆ లోయలో వాహనాల పొగ, ఇటుక బట్టీల పొగ చలికాలమంతా అడుగునే నిలిచిపోతుంది. వాన పడితేనో, గాలి వీస్తేనో ఊపిరాడుతుంది. 2021 మార్చి చివర గాలి మరీ పాడవడంతో నేపాల్ ప్రభుత్వం నాలుగు రోజులు బడులు మూసేసింది. పశుపతినాథుడి దర్శనానికి చలికాలంలో వెళ్లే మనవాళ్లు మాస్కులు తీసుకెళ్లడం మేలు.

"కృష్ణమ్మ ఉంది." నది ఉన్నంత మాత్రాన గాలి శుభ్రపడదు. 1930 డిసెంబరులో బెల్జియంలోని మ్యూజ్ నది లోయలో ఇలాంటి మూతే పడి, ఫ్యాక్టరీల పొగ కదలక, కొద్ది రోజుల్లోనే 60 మందికి పైగా చనిపోయారు. 1948 అక్టోబరులో అమెరికాలో మొనాంగహీలా నది ఒడ్డున ఉన్న డొనోరా అనే చిన్న పట్నంలో 20 మంది పోయారు, వేలమంది జబ్బుపడ్డారు. రెండు చోట్లా నది ఉంది, కొండలున్నాయి. అక్కడి జింకు, ఉక్కు ఫ్యాక్టరీల విషవాయువులు మనకు ఆ మోతాదులో లేవు, ఆ పోలిక నేను తేవడం లేదు. నది కాపాడుతుందన్న నమ్మకం ఎంత బలహీనమో చూపడానికే ఈ రెండూ చెప్పాను.

మనకున్నవి మనకున్నాయి. ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రంలో 1979 నుంచి బొగ్గు మండుతోంది. ఊరిని ఆనుకునే రెండు జాతీయ రహదారులు, 16, 65, వాటి మీద రాత్రంతా లారీలు. ఆటోనగర్, తవ్వి వదిలేసిన రోడ్లు, కాలవగట్ల మీద కాల్చే చెత్త. 2019లో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమంలో, గాలి నాణ్యత ప్రమాణాలు అందుకోని నగరాల జాబితాకు ఎక్కిన 13 ఆంధ్ర నగరాల్లో విజయవాడా ఉంది, గుంటూరూ ఉంది.

"ఒట్టి పొగమంచు." మంచు బిందువు కట్టడానికే గాలిలో ఒక రేణువు కావాలి. రేణువులు ఎక్కువైతే మసకా దట్టమవుతుంది. రాత్రి ఆరుబయట పెట్టిన బండి సీటును పొద్దున తెల్లగుడ్డతో తుడవండి. ఒట్టి మంచయితే గుడ్డ తడవాలి. అది నల్లబడుతోంది.

"ఏక్యూఐ సంతృప్తికరం." చదువుకున్నవాళ్లను కూడా నమ్మిస్తున్నది ఈ మాటే, అందుకని కాస్త వివరంగా చెబుతాను. మన దేశపు సూచీలో 51 నుంచి 100 వరకు 'సంతృప్తికరం'. పీఎం 2.5 అనే సూక్ష్మ ధూళి లెక్కలో 100 అంటే ఘనపు మీటరు గాలిలో 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సవరించిన మార్గదర్శకాల ప్రకారం 24 గంటల సగటు 15 దాటకూడదు. అంటే దానికి నాలుగింతలు ఉన్నా మన తెర మీద లేత ఆకుపచ్చ రంగే కనిపిస్తుంది. ఏడాది సగటు అయితే మన ప్రమాణం 40, వాళ్లది 5. ఇంకో సంగతి. మనం చూసే ఆ అంకె చాలావరకు 24 గంటల సగటు. మధ్యాహ్నం గాలి తేటపడ్డ గంటలు పొద్దుటి ఏడు గంటల పొగను లెక్కలో తగ్గించేస్తాయి. మీ అబ్బాయి ఏడింటికి క్రికెట్ ఆడుతూ పీల్చేది ఆ సగటును కాదు.

అందుకే "తెల్లవారుజామున వాకింగ్" అన్న సలహా చలికాలానికి పనికిరాదు. వాకింగ్ మానొద్దు, వేళ మార్చండి. ఎండ ఎక్కాకనో, సాయంత్రం నాలుగింటికో నడవండి. బందరు రోడ్డు వెంబడి కాకుండా లోపలి వీధుల్లో నడవండి.

బెల్లం సంగతి. 1994లో ఎలుకల మీద చేసిన ఒక అధ్యయనం పట్టుకుని ఇది ఊరంతా తిరుగుతోంది. మనుషుల్లో ఊపిరితిత్తుల దుమ్మును బెల్లం కడిగేస్తుందని రుజువు కాలేదు. తిన్నది అన్నవాహికలోకి పోతుంది, దుమ్ము వెళ్లేది శ్వాసనాళంలోకి. షుగర్ ఉన్న పెద్దాయన రోజూ బెల్లం తింటే లాభం లేకపోగా నష్టమే.

తులసి ఇంటికి శుభం, దాన్ని పెంచుకోండి. గాలి శుభ్రం చేసే భారం మాత్రం దాని మీద వేయొద్దు. పాత అధ్యయనాలన్నీ కలిపి 2019లో చేసిన సమీక్షలో తేలిందేమిటంటే, గదిలోని కొన్ని రసాయన వాయువులను చెప్పుకోదగ్గంతగా తగ్గించాలంటే చదరపు మీటరుకు 10 నుంచి 1000 మొక్కలు కావాలి. ఇంట్లో గాలి బాగుండాలనుకునేవాళ్లు ముందు దోమల చుట్ట ఆపాలి. ఒక్క చుట్ట కాలితే వచ్చే సూక్ష్మ ధూళి 75 నుంచి 137 సిగరెట్ల ధూళికి సమానమని 2003లో ఒక అధ్యయనం లెక్కగట్టింది. మన ఊళ్లో దోమలకు భయపడి సాయంత్రం ఆరింటికే తలుపులు, కిటికీలు బిగించి మరీ అది వెలిగిస్తాం. దోమతెర కట్టుకుంటే రెండు బాధలూ తప్పుతాయి.

ఇక మిర్చి ఘాటు. గుంటూరు మిర్చి యార్డు దారిలో వెళ్తే ముక్కు మండుతుంది, తుమ్ములొస్తాయి, కళ్లలో నీళ్లు తిరుగుతాయి. ఒళ్లు మనల్ని అక్కడినుంచి కదలమని చెబుతోందన్నమాట. వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతో ముప్పయ్యో వంతో ఉండే పీఎం 2.5 రేణువులకు అలాంటి హెచ్చరిక ఏదీ ఉండదు. అవి ఊపిరితిత్తుల చివరి గదులదాకా పోతాయి. బయటి గాలి కాలుష్యాన్ని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో 2013లోనే చేర్చారు. తట్టుకున్నామని చెప్పుకోవడానికి అది ఘాటు కాదు.

అసలు "తట్టుకున్నవాళ్లం" అనేది ఎవరు? తలుపులేసిన కారులో వెళ్లేవాళ్లు అనొచ్చు. బెంజి సర్కిల్ దగ్గర నిలబడే ట్రాఫిక్ కానిస్టేబుల్, రోజంతా ఆటో తోలే మనిషి, తెల్లవారకముందే ఏలూరు రోడ్డు ఊడ్చే పారిశుధ్య కార్మికురాలు ఆ మాట అనరు. ఆమె ముఖానికి కట్టుకున్నది చీర కొంగు. కొంగుకూ చేతిరుమాలుకూ ఈ రేణువులు ఆగవు. ముక్కూ నోరూ సందు లేకుండా పట్టే ఎన్95 మాస్కు కావాలి. మీ డివిజన్ కార్పొరేటర్ కనిపిస్తే ఈ రెండూ అడగండి: ఊడ్చేవాళ్లకు ఆ మాస్కులు ఇవ్వమని, ఊడ్చే ముందు రోడ్డు మీద నీళ్లు చల్లించమని. భోగి నాడు మీ వీధి మంటలోకి పిల్లలు పాత టైర్లు దొర్లించుకొస్తే, అంటించకముందే వాటిని పక్కకు తీయించండి. పిడకలు, ఎండుకట్టెలతో వేసినా అది భోగిమంటే.